రెండు చిత్రముల నడుమ

ఈ దినములలో మన పల్లెలలో ఫోను లేని యిల్లు అరుదు. పెండ్లి జరిగినను, భూస్థాపన జరిగినను, క్రిస్మసు నాటకము జరిగినను ఎవరో ఒకరు ఫోను పైకెత్తి పట్టుకొందురు. తరువాత ఆ తునకలన్నిటిని ఒక్కటిగా కూర్చి సంఘమునకు చూపవలెనని మన యౌవనులు కోరుదురు. అట్టి కూర్పుపని నేనును కొంత నేర్చుకొంటిని. నేర్చుకొనుచు ఒక తప్పు చేసితిని. ఆ రెంటిని గూర్చియు మీతో చెప్పవలెనని ఈ మాటలు వ్రాయుచున్నాను. కంప్యూటరు సంగతి మనకెందుకని పుట త్రిప్పివేయకుడి. ఇది అతుకులను గూర్చిన మాట. అతుకు లేని సంసారము గాని అతుకు లేని సంఘము గాని నేనింతవరకు చూడలేదు.

నేను సేవచేయుచున్న గ్రామము గురజాలకును మాచర్లకును నడుమనున్నది. అక్కడి మందిరము 1974లో కట్టబడెను. గోడలు మా ప్రాంతపు రాయి, నేల మా పలనాటి నాపరాయి. 2024లో దానికి ఏబది యేండ్లు నిండెను. స్వర్ణోత్సవపు రాత్రి అరగంట చిత్రమొకటి మందిరపు గోడమీద చూపవలెనని పెద్దలు తీర్మానించిరి. బయటివారికిచ్చినచో ఖర్చగునని తలంచి, ఏబది దాటిన వయస్సులో ఆ పని నేనే నెత్తిన వేసికొంటిని.

నాయొద్దనున్న సరకు ఇది. 1974 నాటి నలుపు తెలుపు ఫోటోలు నాలుగు. 1999 రజతోత్సవమునాడు తీయించిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు ఒకటి. దానిని నరసరావుపేటలోని ఒక స్టూడియోలో కంప్యూటరు ఫైలుగా మార్పించితిని. 2008 క్రిస్మసునాడు చిన్న డిజిటల్ కెమెరాతో తీసిన కొన్ని తునకలు. ఆ తరువాత 2018 ఈస్టరు మొదలుకొని ఫోనులలో తీసినవి లెక్కకు మించి యుండెను. 2008కిని 2018కిని నడుమ ఒక్క తునకయు లేదు. ఎందుకు లేదో మా గ్రామములో అందరికిని తెలియును. ఆ సంగతి ముందు చెప్పెదను.

మా సంఘములో పెండ్లి వీడియోలు తీయు కుర్రవాడొకడున్నాడు. అతడు నా ల్యాప్‌టాపులో షాట్‌కట్ అను ఉచిత సాఫ్ట్‌వేరును పెట్టి, రెండు సాయంకాలములు నా ప్రక్కన కూర్చుండి నేర్పెను. తెర క్రిందిభాగమున టైమ్‌లైను అను గీత యుండును. తునకలను ఒకదాని ప్రక్కన ఒకటి దానిమీద పేర్చవలెను. ఒకటి ముగియగానే మరియొకటి నేరుగా మొదలగుట కట్ అనబడును. అట్లుగాక, రెండవ తునకను మౌసుతో పట్టుకొని మొదటిదాని తోకమీదికి కొంచెము జరిపినయెడల, ఆ రెండును ఒకదానిమీద నొకటి పడిన మేర సాఫ్ట్‌వేరు తనంతట తానే ఒక సంధి కట్టును. దానినే ట్రాన్సిషన్ అందురు. దానిమీద నొక్కి ప్రాపర్టీస్ అనుచోట చూచినయెడల పలువిధములైన సంధులు కనబడును. డిజాల్వ్ అనగా మొదటి చిత్రము కరగుచుండగా దానిలోనుండి రెండవది తేలుట. క్లాక్ అనగా గడియారపు ముల్లు తిరిగినట్లు ఒక చిత్రము మరియొకదానిని తుడిచివేయుట. ఐరిస్ అనగా కంటిపాపవలె గుండ్రముగా తెరచుకొనుట. బార్న్ డోర్ అనగా రెండు తలుపులు తెరచినట్లు చీలుట.

చదువరీ, ఆ రాత్రి నేను బొమ్మల దుకాణములో విడువబడిన పిల్లవానివలె నైతిని. ప్రతి సంధియొద్దను ఒక వింత పెట్టితిని. ఒకచోట తలుపులు, ఒకచోట గడియారము, ఒకచోట గుండ్రని కన్ను. ఉదయమున మా కుర్రవాడు వచ్చి చూచి, నవ్వు ఆపుకొని, “అయ్యగారూ, గోడంతా మామిడాకులు కడితే గుమ్మం ఎక్కడుందో తెలవదు” అనెను. నాకు సిగ్గు కలిగెను. పెండ్లి వీడియోలలో బొమ్మలు గిరగిర తిరుగుచు ఎగిరిపోవుట చూచి పలుమారు విసుగుకొన్నవాడను నేనే గదా.

అప్పుడతడు ఒక్కొక్క సంధికి అర్థమేమో నాకు విప్పి చెప్పెను. కట్ అనగా కన్ను రెప్పవేసి తెరచినట్లు. ఒకే సమయములో, ఒకే చోట జరుగుచున్నదానిని చూపుటకు అదే చాలును. చిత్రములో నూటికి తొంబది పాళ్లు అదే యుండవలెను. డిజాల్వ్ అనగా కొంత కాలము గడచెననియు, అయినను ఈ రెంటికిని సంబంధమున్నదనియు చెప్పుట. చిత్రము మెల్లగా నలుపులోనికి పోయి, మరల నలుపులోనుండి వెలుగులోనికి వచ్చుట ఫేడ్ అనబడును. ఒక సంగతి ముగిసెననియు, ఇక రాబోవునది వేరనియు దాని భావము. వేరు వేరు చోట్ల జరుగుచున్నవాటిని చూపుటకు వైప్ అను తుడుపు పనికివచ్చును. మాట పలుకకుండనే ఈ సంధులు చూచువానితో మాటలాడును. కావున అవియును నిజమే పలుకవలెను.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. సినిమా పుట్టకమునుపే, 19వ శతాబ్దములో, ఇంగ్లండు దేశమున రెండు లాంతరులను ఒకే తెరమీదికి గురిపెట్టి, ఒకదాని వెలుగు తగ్గించుచు రెండవదాని వెలుగు పెంచుచు, వేసవి దృశ్యమును శీతకాలపు దృశ్యముగా కరిగించి చూపెడివారు. మన దేశమునకు వచ్చిన మిషనెరీలును అద్దపు పలకల లాంతరులను పల్లెలకు తీసికొనిపోయి బైబిలు కథలు చూపిరి. 1899లో ఫ్రాన్సు దేశస్థుడైన జార్జి మెలియే తన సిండరెల్లా చిత్రములో ఒక దృశ్యమును మరియొక దృశ్యములోనికి కరిగించి చూపెను. అప్పుడు కంప్యూటరు లేదు. కెమెరా కంటిని మెల్లగా మూసి, ఫిలిమును చీకటిలోనే వెనుకకు చుట్టి, అదే ఫిలిముమీద తరువాతి దృశ్యమును మెల్లగా కన్ను తెరచుచు తీయవలెను. తప్పిపోయినయెడల రెండు దృశ్యములును పాడగును.

నాకు పదేండ్లు దాటిన దినములలో, మాచర్ల ప్రక్కనున్న మా ఊరిలో కరుణామయుడు చిత్రమును చూపిరి. అది భీమ్‌సింగ్ దర్శకత్వమున, విజయచందర్ యేసుగా నటించగా, 1978లో విడుదలైనది. తరువాతి యేండ్లలో సువార్త బృందములు దానిని ప్రొజెక్టరుతో పల్లె పల్లెకు త్రిప్పిరి. రెండు వాసములకు కట్టిన తెల్లని పంచెమీద మేము దానిని చూచితిమి. రీలు ముగియగానే తెర తెల్లబడెడిది, తరువాత దీపమార్పెడివారు. చీకటిలో ఆపరేటరు కొత్త రీలు ఎక్కించుచుండగా మా ఉపదేశిగారు కీర్తన యెత్తుకొనెడివారు. పిల్లలమైన మేము ఆ చీకటిని తిట్టుకొంటిమి. అయితే మా అమ్మ అనెడిది, ఆ చీకటిలోనే తాను చూచినదానిని తలపోసికొంటినని. అప్పుడు నాకు ఆ మాట అర్థము కాలేదు.

మరల నా కూర్పునకు వచ్చెదను. వింతలన్నిటిని తీసివేసి, ఎక్కువచోట్ల కట్‌లను, అవసరమైనచోట డిజాల్వ్‌లను పెట్టితిని. ఆరంభమున మన పలనాటికి సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యరుగారి చిత్రము ఉంచితిని. ఆయన 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చినవాడు. ఆయన ముఖము కరగుచుండగా 1974 నాటి మా రాతిగోడలు తేలివచ్చునట్లు చేసితిని. ఫోటోలు కదలవు గనుక వాటి నడుమ డిజాల్వ్ చక్కగా కుదురును.

ఇక్కడ డిజాల్వ్‌ను గూర్చి నేను నేర్చుకొన్న సంగతి ఒకటి చెప్పవలెను. మీ యౌవనులకు పనికివచ్చును. ఒక సెకను డిజాల్వ్ వేయుటకు మొదటి తునకలో చివరి సెకను, రెండవ తునకలో మొదటి సెకను కలిసి ఒకే చోట నిలువవలెను. మన వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో సెకనుకు 25 చిత్రములుండును. ఆ 25 చిత్రముల మేర మొదటిది నిండు వెలుగునుండి శూన్యమునకు దిగును, రెండవది శూన్యమునుండి నిండు వెలుగునకు ఎక్కును. నట్టనడుమ రెండును సగము సగముగా నుండును. కాబట్టి ప్రతి డిజాల్వునకును మొత్తము నిడివిలో ఒక సెకను తగ్గును. మొదట నేను 61 తునకల నడుమ 60 సంధులును డిజాల్వులే వేసి చూడగా నిమిషమునకు నిమిషము మాయమాయెను. క్రింద పేర్చిన పాట చిత్రముతో తప్పిపోయెను.

మన వ్యాకరణములో సంధికార్యము ఇట్టిదే గదా. రాముడు, అతడు అను రెండు పదములు కలిసి రాముడతడు అగునప్పుడు మొదటి పదము చివరనున్న ఉకారము పోవును. ఏదో ఒకటి విడువక సంధి కుదరదు. తునక చివర మిగులు ఏమియు లేకుండ ఆఖరి చిత్రమువరకు వాడుకొంటిమా, అతుకుటకు అక్కడ చోటు మిగులదు. కావున ఫోనుతో తీయువారు పని ముగిసిన వెంటనే ఆపక, మూడు సెకనులు చేయి కదల్పక పట్టుకొనవలెను. మొదలుపెట్టునప్పుడును అట్లే. ఆ మిగులే రేపటి సంధికి ఆధారము.

ఇక నా తప్పు చెప్పెదను.

2009లో మా గ్రామమున సమాధుల దొడ్డికి పోవు దారిలో ఒక కుటుంబమువారు కంప నాటిరి. ఆ నేల తమ పట్టాలోనిదని వారనిరి. తాతల నాటి దారియని తక్కినవారనిరి. నేను ఆ సంఘమునకు వచ్చి రెండేండ్లే అయినది. ఉభయులను పిలిచి వినవలసినవాడను, వినక, ఆదివారమున ప్రసంగపీఠమెక్కి పొరుగువాని సరిహద్దురాయిని తీసివేయువానిని గూర్చి మాటలాడితిని. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయెను; తలలన్నియు ఒకే వైపు తిరిగెను. మరుసటి ఆదివారము పదునాలుగు ఇండ్లవారు మందిరమునకు రాలేదు. ఊరి ఆ కొసనున్న వేపచెట్టు క్రింద వారు వేరుగా ఆరాధించుకొనసాగిరి. రెండేండ్లకు సర్వే జరిగి, ఆ నేల వారి పట్టాలోనిదేయని తేలెను. ఆ మాట నా చెవిని వేసినప్పుడు సరే యని ఊరకుంటిని. వారి యింటికి పోలేదు.

2013 జూలైలో ఆ పదునాలుగు ఇండ్లలో ఒక పెద్దాయన చనిపోయెను. ఆయన తాపీమేస్త్రి. మా మందిరపు నేలకు నాపరాళ్లు పరచినది ఆయన చేయియే. పిలిచినయెడల పోవుదునని నేను, పిలువకయే వచ్చునేమోనని వారు. మధ్యాహ్నమువరకు ఇట్లు గడచెను. చివరకు వారే పెట్టె నెత్తుకొని నా యింటిముందు దారినే సమాధుల దొడ్డికి పోయిరి. నేను కిటికీయొద్ద నిలిచి చూచితిని. మందిరపు గంట మ్రోగలేదు. మ్రోగించుమని నేను చెప్పలేదు.

2018 ఈస్టరు తెల్లవారుజామున ఆయన భార్య, మేమందరము అవ్వ అని పిలుచు ఆమె, మనుమని చేయి పట్టుకొని మందిరమునకు వచ్చి వెనుకవరుసలో కూర్చుండెను. ఆ వేసవి గడచులోపల పదునాలుగు ఇండ్లవారును తిరిగి వచ్చిరి. ఎవరును ఏమియు అడుగలేదు. నేనును ఏమియు చెప్పలేదు. గాయము మానినదని అందరమును అనుకొంటిమి.

చదువరీ, 2008కిని 2018కిని నడుమ తునకలు ఎందుకు లేవో ఇప్పుడు మీకు తెలిసినది. కూర్చుచుండగా నాకొక విచిత్రము కనబడెను. 2008 క్రిస్మసు తునకలో ఆ మేస్త్రి తలుపు ప్రక్కన నాపరాతిమీద కూర్చుండి కీర్తనకు చప్పట్లు కొట్టుచుండెను. 2018 ఈస్టరు తునకలో సరిగా అదే చోట ఆయన మనుమడు కూర్చుండి యుండెను. రెంటిని ఒకదానిమీద ఒకటి జరిపి డిజాల్వ్ వేసితిని. తాత ముఖము కరగి మనుమని ముఖమాయెను. ఒక్క సెకను. ఇంతకంటె అందమైన సంధి నా కూర్పంతటిలో లేదు. నాకు కన్నులు చెమర్చినవి. సంఘమంతయు దీనిని చూచి తరతరములకు నిలుచు కృపనుబట్టి దేవుని స్తుతింతురని తలంచి, ఎంతో సంతోషించితిని.

ఆయన ముఖమున్నది గనుక ముందుగా అవ్వకు చూపుట మర్యాదయని తలంచి, ల్యాప్‌టాపు తీసికొని ఆమె యింటికి పోయితిని. ఆమె మంచముమీద కూర్చుండి, కొంగుతో కన్నులు తుడుచుకొని, ఆ భాగమును రెండుమారులు చూచెను. తరువాత నెమ్మదిగా ఇట్లనెను:

“బాగుంది అయ్యగారూ. మా ఇంటాయన మనవడైపోయాడు. మరి చచ్చిపోయింది ఎప్పుడూ?”

నేనేమియు పలుకలేదు.

“ఆ తొమ్మిదేళ్లూ యాడికి పోయినయ్యా? ఎండలో, వానలో ఆ చెట్టుకిందే గదా మేం కూకుంది. ఆయన్ను పెట్టిన రోజున పెద్ద వాన. దాన్ని మీ మిషను మింగిందా?”

ఆమె కోపముతో అనలేదు. నిజముగా అడిగినట్లే అడిగెను. మిషను మ్రింగలేదనియు, మ్రింగించినవాడను నేనేననియు ఆమెకును తెలియును, నాకును తెలియును. టీ త్రాగి పొమ్మని ఆమె అనెను. త్రాగి వచ్చితిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిజాల్వ్ అనగా కొంత కాలము గడచెననియు, ఈ రెంటికిని సంబంధమున్నదనియు చెప్పుట యని మా కుర్రవాడు నేర్పెను గదా. సంబంధమున్నమాట నిజమే. అయితే ఆ ఒక్క సెకను చూచినవానికి ఏమి తోచును? తాత మందిరములోనే ముసలివాడై, మందిరములోనే కన్నుమూసి, మనుమనికి తన చోటు అప్పగించెనని తోచును. ఒక్క అబద్ధపు మాట పలుకకుండ నేను అబద్ధమాడితిని. అదియు ఎవరి తప్పును దాచుటకు? నాదానినే.

లేఖనములు ఇట్టి ఎడములను ఎట్లు చూపునో అప్పుడు తలపోసితిని. ఆదికాండము 16వ అధ్యాయము ముగియునప్పటికి అబ్రాము వయస్సు 86 ఏండ్లు. 17వ అధ్యాయము మొదలగునప్పటికి 99. నడుమ 13 ఏండ్లను గూర్చి ఒక్క మాటయు లేదు. అయితే రెండు లెక్కలును చెప్పబడినవి గనుక ఎడమెంతయో చదువువానికి తెలియును. గ్రంథము దానిని పూడ్చలేదు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో మార్కును వెంటబెట్టుకొనిపోవుటను గూర్చి పౌలునకును బర్నబాకును తీవ్రమైన వాదము కలిగి, ఒకరినొకరు విడిచిపోయిరని లూకా దాచక వ్రాసెను. ఏండ్లు గడచిన తరువాత, తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, అదే మార్కును తోడుకొని రమ్మనియు అతడు తనకు పనికివచ్చువాడనియు పౌలు వ్రాసెను. నడుమ ఏమి జరిగెనో మనకు చెప్పబడలేదు. అయితే విడిపోయిన సంగతిని లూకా చెరిపివేసియుండినయెడల, ఆ పిలుపులోని తీపి మనకెట్లు తెలిసియుండును?

మరుసటి ఉదయమున ఆ డిజాల్వును తీసివేసితిని. 2008 తునక మెల్లగా నలుపులోనికి పోవునట్లు ఫేడ్ పెట్టితిని. షాట్‌కట్‌లో తునక పైమూలనున్న చిన్న చుక్కను పట్టి లోపలికి లాగిన చాలును. తరువాత నాలుగు సెకనులు వట్టి నలుపు. అనగా 100 చిత్రములు. కూర్పుపని ఎరుగనివారికి నాలుగు సెకనులు కొంచెమని తోచును. చీకటి గదిలో కూర్చుండి చూడుడి, అది ఎంత నిడివియో తెలియును. ఆ తరువాత, వేపచెట్టును ఫోనుతో తీసి ఆ తునకను పెట్టితిని. మనుష్యులు లేరు, సంగీతము లేదు. ఆకుల చప్పుడు, కాకి అరుపు మాత్రమే. పిమ్మట మేస్త్రి ఫోటో, క్రింద ఆయన పుట్టిన యేడును చనిపోయిన యేడును. మరల నలుపు. ఆ తరువాతనే 2018 ఈస్టరు.

అక్కడ ఇంకొక శోధన కలిగెను. చిత్రమునకు వలెనే ధ్వనికిని సంధి యున్నది. తరువాతి తునకలోని ధ్వనిని విడదీసి ముందుకు జరిపినయెడల, చిత్రము మారకముందే ఆ ధ్వని వినబడును. చూచువాని మనస్సు రాబోవుదానికి సిద్ధపడును. మంచి పద్ధతియే. ఈస్టరు తునక మొదట మా మందిరపు గంట మ్రోగును. ఆ గంటను ముందుకు జరిపి మేస్త్రి ఫోటో క్రింద వినిపించితిని. ఎంతో బాగుండెను. అయితే ఆయనకొరకు ఆ గంట మ్రోగలేదు గదా. మ్రోగినట్లు సంఘమునకు వినిపించుటకు నేనెవడను? గంటను తిరిగి దాని చోటికి జరిపితిని. ఫోటో క్రింద ఏ ధ్వనియు పెట్టలేదు.

స్వర్ణోత్సవపు రాత్రి మందిరము నిండెను. వాకిటిలో కూడ చాపలు పరచిరి. చిత్రము 2008 వరకు నడచెను. చప్పట్లు కొట్టుచున్న మేస్త్రిని చూచి కొందరు పేరు పెట్టి పిలిచిరి. తరువాత గోడ నల్లబడెను. కరెంటు పోయెనని పిల్లలు అరచిరి. నేను ల్యాప్‌టాపు ప్రక్కన కూర్చుండి యుంటిని. ముందుగా అనుకొన్నది కాదు. నా వ్రేలు స్పేస్ బారు మీద పడెను. చిత్రము ఆ నలుపులోనే నిలిచిపోయెను. లేచి ఇట్లంటిని: “ఇక్కడ తొమ్మిదేండ్లు మన మందిరము సగము ఖాళీగా నుండెను. దానికి కారణము ఈ పీఠముమీదనుండి నేను పలికిన మాట. ఆ నేల వారిదే. ఆ సంగతి తెలిసిన పిమ్మటకూడ నేను వారి యింటికి పోలేదు. మేస్త్రిగారు చనిపోయినప్పుడు గంట మ్రోగించలేదు. నన్ను క్షమించుడి.”

ఎవరును మాటలాడలేదు. ఎవరో దగ్గిరి. చీకటిలో ముఖములు నాకు కనబడలేదు. నా ముఖము వారికిని కనబడలేదు. పగటి వెలుగులో ఆ మాట చెప్పగలిగియుందునో లేదో ఈనాటికిని నేనెరుగను. కొంతసేపటికి వెనుకనుండి అవ్వ గొంతు వినబడెను: “ఇక బొమ్మ పెట్టండయ్యా, పిల్లలు నిద్రపోతన్నారు.”

పెట్టితిని. చెట్టు కనబడెను. తరువాత ఆయన ఫోటో. అప్పుడు ఆ పదునాలుగు ఇండ్లవారిలో ఒకరు లేచి నిలిచిరి. ఆ తరువాత తక్కినవారును లేచిరి. కంప దారి యిరుప్రక్కలవారును లేచిరి. గంట తన చోటనే, ఈస్టరు చిత్రముతోనే మ్రోగెను.

దీనివలన అంతయు చక్కబడెనని చెప్పలేను. ఒక కుటుంబమువారు ఈనాటికిని నాతో పొడిగానే మాటలాడుదురు. అది వారి హక్కు. అయితే ఆ జూలైలో మేస్త్రి చనిపోయిన దినమున అవ్వ నాయొద్దకు వచ్చి, “ఇయ్యాళ గంట కొట్టిస్తారా అయ్యగారూ?” అని అడిగెను. పదకొండు ఏండ్ల ఆలస్యముతో కొట్టించితిని. ఆమె మెట్లమీద కూర్చుండి చివరివరకు వినెను.

మన పలనాటివారికి సంధి అను మాట బాగుగా తెలియును. వీరుల కథలో సంధి మాటలాడబోయిన అలరాజు ప్రాణముతో తిరిగి రాలేదు. ఆ తరువాతనే కారెంపూడి రణము. సంధి అనగా రెండు పదముల కలయిక, రెండు పక్షముల సమాధానము. కూర్పుపనిలో రెండు చిత్రముల అతుకు. మూడింటికిని ఒకటే నియమము: ఏదో ఒకటి విడువవలెను, ఏదియు దాచకూడదు. 2018లో మేము కలిసితిమి గాని నేనేమియు విడువలేదు. అందుచేతనే ఆ అతుకు నిలువకపోయెను.

కావున, ప్రియ యౌవనులారా, మీరు కూర్చునప్పుడు ఈ కొద్ది మాటలు జ్ఞాపకముంచుకొనుడి. ఎక్కువచోట్ల నేరుగా అతుకుడి, అది చాలును. అలంకారము కొరకు సంధి వేయకుడి. డిజాల్వ్ వేయునప్పుడు, ఈ రెండు చిత్రముల నడుమ నిజముగా ఏమి జరిగెనని ఒకమారు అడుగుడి. అక్కడ ఒక మనుష్యుడు మరణించియుండినయెడల, అతనికి నాలుగు సెకనుల చీకటియైనను ఇయ్యుడి. చూపకమునుపు, ఆ దినములను అనుభవించిన పెద్దవారెవరికైనను చూపి, వారేమందురో వినుడి. వారికి కంప్యూటరు తెలియకపోవచ్చును గాని నడుమ ఏమి జరిగెనో తెలియును.

ప్రియ చదువరీ, ఫోను పట్టనివారమైన మనమును ప్రతిదినము మన జీవితమును కూర్చుకొని ఇతరులకు చెప్పుచునే యుందుము. మీ కథలో ఏ రెండు సంవత్సరముల నడుమ మీరు డిజాల్వ్ వేసితిరి? అక్కడ ఎవరి ముఖము కరగిపోయినది? ఆ యింటి దారి మీకు తెలిసియే యుండును. వారు పిలువవలెనని ఎదురుచూడకుడి. నేను ఎదురుచూచి, కిటికీయొద్ద నిలిచిపోయితిని.